గజం రేటు సరే, బస్సు ఎప్పుడొస్తుంది?

ఆదివారం పేపరు తెరిస్తే మొదటి పేజీ మొత్తం వెంచర్ ప్రకటనే. అవుటర్‌కు ఐదు నిమిషాలు, ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు, రాబోయే రీజినల్ రింగ్ రోడ్డుకు కూతవేటు దూరం. పెద్ద ఆర్చి, ఆర్చి వెనక సీసీ రోడ్డు, రోడ్డుకు రెండు వైపులా నర్సరీ నుంచి నిన్ననే తెచ్చి పాతిన మొక్కలు, వాటి వెనక సున్నం కొట్టిన హద్దురాళ్లు. ఆ నిమిషాలను ఏ వేళలో, ఏ బండి మీద కొలిచారో ప్రకటన చెప్పదు. మనమూ అడగం. సైట్ చూడ్డానికి కంపెనీ పంపిన కారులో వెళ్తాం, వాళ్లు పెట్టిన బిర్యానీ తింటాం, ఏజెంటును ఒక్కటే అడుగుతాం: గజం ఎంత? ఇంకో ప్రశ్న ఉంటే అది, రెండేళ్లలో ఎంతకు పోతుంది అని. ఆ ఊరికి రోజుకు ఎన్ని బస్సులు వస్తాయని అడిగిన కొనుగోలుదారుడు నాకింతవరకు తారసపడలేదు.

హైదరాబాద్ ఇలా నలుదిక్కులా చెదిరి పెరిగిందంటే ఆ ప్రశ్నల పుణ్యమే. ప్రభుత్వాలను తిట్టడం మనకు అలవాటు, ఆ తిట్లు వాటికి దక్కాల్సినవే కూడా. కానీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి ఫొటో దిగి వచ్చింది మనమే కదా. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరిస్తామని 2020లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిస్తే, రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా వచ్చిపడ్డాయి. ఒక్కొక్కరి పేరు మీద రెండు మూడు ప్లాట్లున్నవాళ్లను తీసేసి లెక్కేసినా, ఇది నలుగురు రియల్టర్ల మీదికి తోసి చేతులు దులుపుకునే సంఖ్య కాదు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఎస్సైలు, డాక్టర్లు, డాలస్‌లో కూర్చుని వాట్సాప్‌లో లేఅవుట్ ప్లాన్ చూసి డబ్బు పంపిన కొడుకులు, రిటైరైన డబ్బు మొత్తం తెచ్చి పెట్టిన తండ్రులు, అందరూ ఉన్నారు అందులో. పాపం తలా పిడికెడు.

ప్లాటు కొన్నవాడు ఇల్లు కట్టడు. అమ్మాయి పెళ్లికనో, అబ్బాయి ఎమ్మెస్‌కనో అట్టిపెట్టుకుంటాడు. ఇరవై ఎకరాల వెంచర్‌లో నాలుగిళ్లు లేస్తాయి, మిగతాదంతా తుమ్మచెట్లు. నిజంగా ఇల్లు కావలసిన మనిషి ఈ ఖాళీ జాగాలను దాటుకుని, ఇంకా అవతల చవగ్గా దొరికిన చోట కట్టుకుంటాడు. అతని వెనకాలే మంచినీళ్ల పైపు, డ్రైనేజీ, కరెంటు స్తంభం, అంగన్‌వాడీ మన ఖాళీ ప్లాట్ల ముందు నుంచే నడిచి అక్కడి దాకా వెళ్లాలి. ఆ ఖర్చు అందరిదీ. పైపు మన ప్లాటు ముందు నుంచి వెళ్లినందుకు గజానికి పెరిగిన రేటు మాత్రం మన ఒక్కరిదే. ఇక బస్సు సంగతి. స్టేజీ స్టేజీకి పదిమంది ఎక్కితేనే రూటు నిలబడుతుంది. నాలుగిళ్లకో స్టేజీ అంటే డిపో మేనేజరు ఎన్నాళ్లని తిప్పుతాడు? ఆక్యుపెన్సీ రేషియో పడిపోయిందని ఆ సర్వీసు ఎత్తేస్తారు. బస్సు లేదని ఉన్నవాళ్లు బండి కొంటారు. అందరికీ బండ్లున్నాయి కదా, ఆ తర్వాత బస్సు కావాలని ఎవరూ అడగరు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత హైదరాబాద్‌లో వెయ్యి వరకు సిటీ బస్సులు తగ్గించినప్పుడు సొంత కారున్న మనలో ఎవరికైనా ఆ రోజు నిద్ర పట్టలేదా?

ఇళ్లు ఎక్కడ రావాలి, జనం ఎలా తిరగాలి అనేవి ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే పూట తేల్చుకోవాల్సిన విషయాలు. మనం ఒకటి ముప్పై ఏళ్ల ముందు, ఇంకోటి ముప్పై ఏళ్ల తర్వాత తేలుస్తున్నాం. ఆ మధ్యకాలంలో పుట్టే లాభం మన జేబుల్లోకి వస్తోంది గనుక అభ్యంతరం చెప్పడం లేదు. నా ఫిర్యాదు అంతా ఇదే.

అవుటర్ రింగ్ రోడ్డునే తీసుకోండి. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. 2018లో కండ్లకోయ దగ్గర ఆఖరి ముక్క కలవడంతో చుట్టు పూర్తయింది. బ్రహ్మాండమైన రోడ్డు, ఇందులో రెండో మాట లేదు. కానీ ఆ రోడ్డు మీదికి బైకును, స్కూటీని రానివ్వరు. అంత వేగంలో రానివ్వకపోవడమే మంచిది. మరి నగరంలో ఎక్కువ ఇళ్ల ముందు నిలబడి ఉన్నది ఏ బండి? ప్రజల పేరు మీద చేసిన అప్పుతో కట్టిన రోడ్డు మీద ఆ ఇళ్లవాళ్లకు చోటు లేదు, వాళ్లంతా సర్వీసు రోడ్డు దుమ్ములో పోవాలి. రోడ్డుకు అటొక కిలోమీటరు, ఇటొక కిలోమీటరు గ్రోత్ కారిడార్ అన్నారు, ఎత్తయిన భవనాలకు దారి తెరిచారు. ఆ గ్రోత్‌లోకి వచ్చే జనాన్ని మోసే బస్సు ఏది, రైలు ఏది అన్నది మాత్రం తర్వాత చూద్దాం అన్నారు. 2023లో ఆ రోడ్డు మీద 30 ఏళ్ల పాటు టోల్ వసూలు చేసుకునే హక్కును 7,380 కోట్లకు ఒక కంపెనీకి ఇచ్చారు. అప్పుడు మంచి ధరేనా, తక్కువకు పోయిందా అని పెద్ద రచ్చే జరిగింది. ఆ డబ్బులో కొంతైనా ఆ రోడ్డు వెంబడి బస్సులకు పెట్టండి అన్న గొంతు ఆ రచ్చలో నాకు వినపడలేదు.

కోకాపేట దగ్గర కాసేపు ఆగాలి. 2023 ఆగస్టులో నియోపోలిస్ భూములను హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 45 ఎకరాల పైచిలుకు భూమి మీద 3,319 కోట్లు వచ్చాయి. ఆ సాయంత్రం టీవీల్లో పండగ. కోకాపేటలో మనకు గజం లేకపోయినా, మన ఊరు ఎకరం వంద కోట్ల ఊరైందని మనమూ ఛాతీ విరుచుకున్నాం. దాని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు రెండో దశ తలపెట్టారు. మొదటి అంచనా 816 కోట్లు. మూడింట రెండు వంతులు రాష్ట్రం పెట్టుకోవాలి, ఒక వంతు రైల్వే. వాటా డబ్బుల కోసం ఉత్తరాలు నడిచాయి, ఏళ్లు గడిచాయి, మేడ్చల్ వైపు రైలు కదలడానికి 2023 ఏప్రిల్ రావాల్సి వచ్చింది. ఘట్‌కేసర్ వైపు ఇంకో ఏడాది. కోకాపేట ధరకు ఎనిమిది ఎకరాలు అమ్మితే ఆ అంచనా దాదాపు మొత్తం తీరిపోతుంది. ఆ ధర 2023ది, ఈ అంచనా అంతకు పదేళ్ల కిందటిది, రెంటినీ ఎలా పోలుస్తావంటే, సరే, ఎనిమిది కాకపోతే పదహారు ఎకరాలనుకోండి. మేడ్చల్ కూలి మనిషి, ఘట్‌కేసర్ కాలేజీ పిల్ల రైలు కోసం పదేళ్లు చూసింది డబ్బు లేకనా?

వేలం పాడుకున్న చోట ఆకాశాన్ని అంటే టవర్లు లేస్తున్నాయి. 2006లో మార్చిన నిబంధనలతో స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐకి హైదరాబాద్‌లో పరిమితి లేకుండా పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు సరిపోతే ఎంతైనా లేపుకోవచ్చు. ఎత్తు కట్టడం తప్పని నేననను. స్టేషన్ పక్కన నలభై అంతస్తులు లేస్తే సంతోషిస్తాను. మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు తిరిగి, కోకాపేటకు ఇవతల రాయదుర్గంలో ఆగిపోయింది. అవతలివైపు ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మొదట గీసిన గీత కాగితం మీదే మిగిలింది. పాతబస్తీలో తరాలుగా కిక్కిరిసి జనం ఉన్నారు, అక్కడికి రైలు వెళ్లలేదు. రైలు లేని పడమటి దిక్కుకేమో జనాన్ని పిలిచి మరీ అంతస్తులు అమ్మాం.

ఇక కొల్లూరు. అవుటర్ పక్కన, సంగారెడ్డి జిల్లాలో, ఒకేచోట 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు. 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. లిఫ్టులు, వెడల్పాటి రోడ్లు, మొక్కలు, దుకాణాల సముదాయం. బస్తీలో రేకుల గదికి అద్దె కట్టుకుంటూ బతికిన కుటుంబానికి లాటరీలో పేరు వచ్చి చేతికి తాళం అందితే ఆ సంతోషాన్ని తక్కువ చేయడం పాపం. కానీ తాళం వచ్చిన మర్నాడు పొద్దున ఏం జరుగుతుంది? ఆ ఇంటి ఇల్లాలు సనత్‌నగర్ వైపు నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. అమ్మగారింట్లో ఆరున్నరకు గేటు తీయాలి, అయ్యగారు ఎనిమిదింటికి బయల్దేరతారు. కొల్లూరులో లేచేది నాలుగింటికి. లింగంపల్లి దాకా షేర్ ఆటో, ఆటో నిండితేనే కదులుతుంది. అక్కడ దిగి బస్సు, బస్సు దిగి నడక. సాయంత్రం మళ్లీ ఇదే తిరగబడుతుంది, ఈసారి చీకట్లో, సర్వీసు రోడ్డు మీద. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, 2023 డిసెంబరు నుంచి. ఆ ఉచితం చేతికందాలంటే ముందు బస్సు రావాలి కదా, ఆటోవాడు ఉచితంగా ఎక్కించుకోడు. కొందరు ఇంటికి తాళం వేసి మళ్లీ తాము ఉన్న బస్తీకే అద్దెకు పోయారు. అప్పుడు మనమేమన్నాం? "సర్కారు ఇల్లిచ్చినా ఉండరు వీళ్లు, అద్దెకిచ్చుకుని తింటారు."

ఆ మాట అన్న నోళ్లే ఇంకో మాట కూడా అన్నాయి. నగరం మధ్యలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ జాగాలో పేదల ఇళ్లు కడతారట అని వినపడగానే మన కాలనీ సంఘాలు ఎంత వేగంగా సమావేశమవుతాయో చూసినవాళ్లకు తెలుసు. పార్కింగ్ సమస్య వస్తుంది, వాతావరణం పాడవుతుంది, ప్రాపర్టీ వాల్యూ పడిపోతుంది. ఆమె మన పక్కన ఉండకూడదు, ఆరున్నరకు మాత్రం మన వంటింట్లో ఉండాలి. మధ్యలో ఉన్న పాతిక కిలోమీటర్లు ఆమె సొంత ఖర్చు. దీన్ని ప్రణాళికా లోపం అని మర్యాదగా పిలుస్తున్నాం గానీ దీని అసలు పేరు మనందరికీ తెలుసు.

"అయితే జనం రావడం ఆపేయాలంటావా?" అని నన్ను అడిగేవాళ్లున్నారు. రానివ్వండి. పాలమూరు నుంచి, సిక్కోలు నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వస్తూనే ఉంటారు, రావాలి కూడా. అమీర్‌పేట హాస్టల్ మంచం మీద రెండేళ్లు పడుకుని ఈ ఊరివాళ్లైనవాళ్లు మనలో ఎంతమంది లేరు! వచ్చేవాళ్లను ఎవరూ లెక్కపెట్టడం లేదన్నదే బాధ. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్‌లో 67 లక్షల పైచిలుకు. 2021లో జరగాల్సిన లెక్కింపు జరగలేదు, ఇప్పుడు 2027 అంటున్నారు. ఈలోపు ఫ్లైఓవర్లకు, సబ్‌స్టేషన్లకు, మురుగు శుద్ధి కేంద్రాలకు సంతకాలు పడుతూనే ఉన్నాయి.

ఒక ఊరు తన ఒక్కదాని కోసమే ఆలోచించుకుంటే నడవదని మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు. పై ఊరివాళ్లు అలుగు ఎత్తు పెంచుకుంటే కింది ఊరు ఎండుతుంది, కాలువకు అడ్డం పడితే పై ఊరే మునుగుతుంది. తూము ఎప్పుడు ఎత్తాలో నీరటి చూసుకునేవాడు, ఏ రైతూ తన మడికోసం తానే వెళ్లి ఎత్తేసేవాడు కాదు. ఆ చెరువుల శిఖం భూముల్లోనే ఇప్పుడు మన డ్యూప్లెక్సులు. వానొచ్చిన రాత్రి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తే పాత అలుగు కాలువ ఎటు పోయేదో గీత గీసినట్టు తెలిసిపోతుంది.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు కూడా అప్పటివాళ్లు అఫ్జల్‌గంజ్ దగ్గర గోడ కట్టి ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నగరాన్ని చూసి, నగరం దాటి ఎగువకు వెళ్లి చూశాడు. ఫలితం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. ఊరిని కాపాడాలంటే ఊరి బయట పని చేయాలని వందేళ్ల కిందటే ఇక్కడ అర్థమైంది. ఆ రెండు జలాశయాల కోసం 1996లో 111 జీవో వచ్చింది, పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు కుదరవన్నారు. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ మరో జీవో తెచ్చారు. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. అయితే ఆ 84 ఊళ్ల రైతు అడిగిన ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే, మీ నీళ్ల కోసం నా పొలం పాతికేళ్లు చవగ్గా పడి ఉంది, మీరు నాకేమిచ్చారు అన్నాడతను. ఏమీ ఇవ్వలేదు. నల్లా తిప్పుకున్నాం, బిల్లు ఎక్కువొచ్చిందని జలమండలి మీద విసుక్కున్నాం, అతన్ని మాత్రం తలుచుకోలేదు. అడవినో చెరువునో కాపాడమని ఒక ఊరికి చెప్పే ప్రాంతం, ఆ ఊరికి బాకీ పడుతుంది. బాకీ తీర్చకుండా ఎగ్గొడుతూ పోతే ఏదో ఒక ఎన్నికల ముందు ఆ జీవో రద్దవడం ఖాయం.

ఇప్పుడు అదే బాకీ రీజినల్ రింగ్ రోడ్డు రూపంలో మళ్లీ వస్తోంది. సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా, దక్షిణ భాగంతో కలిపి 340 కిలోమీటర్ల చుట్టు. అలైన్‌మెంట్ గీత పొలం గట్టు మీది నుంచి పోతే గట్టుకు ఇవతలి రైతు భూమి పోగొట్టుకుంటాడు, చేతికొచ్చే పరిహారంతో అదే ఊళ్లో సగం పొలం కూడా రాదు. గట్టుకు అవతలి రైతు, లేదా రెండేళ్ల కిందటే అతని దగ్గర కొనుక్కున్న నగరం మనిషి, చేతులు కట్టుకుని కూర్చుని కోటీశ్వరుడవుతాడు. ఇద్దరి మధ్య తేడా ఒక గీత. ఆ గీత గీసింది ప్రజల డబ్బుతో.

దీనికి దారి లేకపోలేదు. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు కావలసిన భూమిలో చాలా భాగాన్ని టౌన్ ప్లానింగ్ స్కీముల ద్వారా సమకూర్చుకున్నారు. ఒక ప్రాంతంలోని భూములన్నీ కలిపి, అందరి నుంచీ కొంత కొంత తీసుకుని, రోడ్డుకు, బడికి, పార్కుకు, పేదల ఇళ్లకు వదిలి, మిగిలింది సరిచేసి ఎవరిది వాళ్లకు తిరిగిచ్చే పద్ధతి అది. పోయేది అందరిదీ కొంత, పెరిగేది అందరిదీ కొంత. మన దగ్గర ఆ మాట ఎత్తితే అమరావతి గుర్తొస్తుంది. 2015లో రైతులు పూలింగ్‌కు 33 వేల ఎకరాల పైచిలుకు ఇచ్చారు, 2019లో ప్రభుత్వం మారింది, తిరిగి రావాల్సిన ప్లాట్లు ఏళ్ల తరబడి తుప్పల్లో ఉండిపోయాయి. కాబట్టి రైతు అనుమానిస్తే అతన్ని తప్పు పట్టలేం. మాట ఇచ్చేది పార్టీ కాకుండా చట్టమైతే, ఆ చట్టాన్ని నిలబెట్టే స్థానిక సంస్థ ఒకటి ఉంటే, అప్పుడు అడగొచ్చు.

ఆ సంస్థ ఎలా ఉండాలో రాజ్యాంగం ఎప్పుడో చెప్పింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ ప్రకారం పది లక్షల జనాభా దాటిన ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక ప్రణాళికా సంఘం ఉండాలి, అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది మునిసిపాలిటీల, పంచాయతీల ఎన్నికైన ప్రతినిధులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లై ఉండాలి. సర్పంచీ, కార్పొరేటరూ ఒకే బల్ల ముందు. 2008లో హుడా పోయి హెచ్‌ఎండీఏ వచ్చిన కాలంలోనే రవాణా అంతటికీ ఒక ఉమ్మడి సంస్థ కూడా కాగితం మీద పుట్టింది. ఆర్టీసీ, మెట్రో, రైల్వే, ట్రాఫిక్ పోలీసు ఒకే చోట కూర్చోవాలన్నది ఉద్దేశం. ఈ సంస్థల సంగతి మీలో ఎంతమందికి తెలుసు? ఎవరి దగ్గరైనా ఇవి ఎన్నికల హామీగా విన్నారా? మనం అడగని దాన్ని ఏ నాయకుడూ తనంతట తాను గుర్తుచేయడు.

హెచ్‌ఎండీఏ ఇప్పుడు 2050 దాకా చూసే కొత్త మాస్టర్ ప్లాన్ తయారు చేసే పనిలో ఉంది. ముసాయిదా బయటికొచ్చాక అభ్యంతరాలకు, సూచనలకు గడువు ఇస్తారు. గడువులో పడే కాగితాలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు: ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, నా భూమిని కన్జర్వేషన్ జోన్ నుంచి రెసిడెన్షియల్‌కు మార్చ ప్రార్థన. కట్టలు కట్టలు ఇవే. ఈసారి ప్రతి కాలనీ సంఘం, ప్రతి గ్రామసభ, ప్రతి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తమ సర్వే నంబరు లేని కాగితం ఒకటి రాయాలి. ఈ జోన్‌లో ఇన్ని ఇళ్లకు అనుమతిస్తున్నారు, బస్సు డిపోకు స్థలం ఏ సర్వే నంబరులో చూపించారు? ఫలానా ఎంఎంటీఎస్ స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో నెలకు పాతికవేలు కూడా సంపాదించని కుటుంబానికి అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? వేలంలో వచ్చిన డబ్బులో ఎంత భాగం ఆ ప్రాంతపు రవాణాకు కేటాయిస్తారు? నీళ్ల కోసం ఆంక్షల్లో ఉన్న ఊళ్లకు ఏటా ఏమిస్తారు? సొంత కాలనీ పక్కన ఖాళీగా ఉన్న ప్రభుత్వ జాగాను చూపించి, ఇక్కడ పేదల ఇళ్లు కట్టండి, మాకు అభ్యంతరం లేదని రాసే సంఘం ఒక్కటి ముందుకొస్తే దాని పేరు ఈ శీర్షికలో అచ్చు వేస్తాను. కాగితం తీసుకెళ్లి ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి, నంబరు, తేదీ వేయించుకోండి. విచారణకు పిలిస్తే పనివేళల్లోనే పిలుస్తారు, ఆ పూట సెలవు పెట్టుకుని వెళ్లాల్సి ఉంటుంది.